తిప్పమీది దారి

ముప్పయి నాలుగేళ్ళు ప్రభుత్వ కళాశాలల్లో ఇంగ్లీషు చెప్పి బతికినవాణ్ణి నేను. ఆ కాలంలో వర్డ్స్‌వర్త్ రాసిన డాఫోడిల్ పూల పద్యాన్ని యెన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ పువ్వును మాత్రం యెన్నడూ చూడలేదు. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, "అది మన తంగేడు పువ్వులా వుంటుందా మాస్టారూ?" అని అడిగాడు. పసుపుపచ్చగా వుంటుందని చదివి వున్నాను గనుక, "అంతే అనుకో" అన్నాను. క్లాసు తృప్తి పడింది. నేనూ తృప్తి పడ్డాను. చూడని పువ్వును చూడనివాళ్ళకు చెప్పి జీతం తీసుకోవడంలో వింతేమీ వున్నట్టు ఆనాడు నాకు తోచలేదు.

2024 జనవరిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఆమె మాంచెస్టరులో ఒక ఆసుపత్రిలో నర్సు. రెండు రోజులు సెలవు దొరికింది. "నీ వర్డ్స్‌వర్త్ వూరికి పోదాం పద నాన్నా" అంది. జనవరిలో ఆ పూలు వుండవన్నాను. "పూలు లేకపోతే వూరు లేదా?" అంది. జవాబు చెప్పలేక బయలుదేరాను.

మేము వెళ్ళింది రైలులో. విండర్మియర్ అనే స్టేషనులో ఆ దారి ఆగిపోతుంది. అది 1847లో వేసిన రైలుదారి. వేయవద్దని 1844లో పోరాడినవాడు వర్డ్స్‌వర్త్. అప్పటికాయనకు డెబ్బయి నాలుగేళ్ళు. అంతకు ముందు యేడే ఆస్థానకవి అయ్యాడు. పత్రికకు లేఖలు రాశాడు, పద్యమూ రాశాడు. కొండల అందాన్ని చూసి ఆనందించడం పుట్టుకతో వచ్చేది కాదనీ, అది నెమ్మదిగా అలవడవలసిన అభిరుచి అనీ, మిల్లు కార్మికులను రైలు పెట్టెల్లో నింపి తెచ్చి యిక్కడ దింపితే వాళ్ళకు వొరిగేది లేకపోగా యిక్కడి ప్రశాంతత చెడుతుందనీ ఆయన వాదం. రాత్రి షిఫ్టులు చేసే నర్సూ, గొర్రెలు కాచే యింట్లో పుట్టిన పంతులూ, యిద్దరమూ ఆయన వద్దన్న రైలు దిగి, బస్సెక్కి, ఆంబుల్‌సైడ్ అనే చిన్న వూరు చేరి, రాత్రికి అక్కడ పడుకున్నాము.

పొద్దున యెనిమిదైనా తెల్లవారలేదు. ఆ దేశంలో జనవరి సూర్యుడు యెనిమిదిన్నరకు గాని లేవడు. లేచినా నెత్తిమీదికి రాడు, కొండల అంచునే పాకి నాలుగింటికల్లా దిగిపోతాడు. గడ్డి మీద మంచు గట్టిపడి, అడుగు వేస్తే వేయించిన అటుకులు నలిగినట్టు చప్పుడవుతూ వుంది. మేము యెక్కదలచిన కొండ పేరు లఫ్‌రిగ్. యెత్తు 335 మీటర్లు. చుట్టూ వున్న కొండల పక్కన అది కూర్చున్న ఆవులా వుంటుంది. దాని కాళ్ళ దగ్గరగా రోథే అనే యేరు పారుతుంది. గ్రాస్మియర్ చెరువులోంచి రైడల్ చెరువులోకి, అక్కడినుంచి విండర్మియర్ పెద్ద చెరువులోకి దాని ప్రయాణం. కొండ యెక్కి అవతల దిగి, యేటి వెంబడి తిరిగి వూరు చేరాలని మా ఆలోచన.

యేటిమీద చిన్న రాతి వంతెన దాటాము. దారి నిటారుగా పైకి పోయింది. కొంతదూరం పోయాక అడ్డంగా ఒక కొయ్య గేటు, మూసి వుంది. నేను ఆగిపోయాను. చిన్నప్పటినుంచీ మూసిన గేటు చూస్తే ఆగిపోవడం నాకు అలవాటు. "యెవరిదో పొలంలాగా వుంది, వెనక్కి పోదాం" అన్నాను. మా అమ్మాయి సంచిలోంచి పటం తీసి చూపించింది. అందులో పొలాలకూ, గోడలకూ, దొడ్లకూ అడ్డంపడి ఆకుపచ్చ చుక్కల గీతలు పోతున్నాయి. "యీ గీతలున్నచోట నడవడానికి అందరికీ హక్కుంది నాన్నా. పొలం యెవరిదైనా సరే. గేటు తీసి, దాటి, మళ్ళీ వెయ్యాలి. గొర్రెలు పోకుండా వుండడానికి ఆ గేటు, మనుషులు రాకుండా వుండడానికి కాదు."

యీ మాట యెందుకో నాకు గుచ్చుకుంది. యెందుకన్నది కొండ సగం యెక్కేదాకా తెలియలేదు.

యిక్కడ ఒక మాట చెప్పాలి. ఇంగ్లండులో కొండకు 'హిల్' అంటారని మనం పాఠాల్లో నేర్పాము. యీ వుత్తర ప్రాంతపు వాళ్ళు 'ఫెల్' అంటారు. వెయ్యేళ్ళ కిందట సముద్రం దాటి వచ్చి యిక్కడ కాపురం పెట్టిన నార్స్ జాతివాళ్ళ మాట అది. దానికి కొండ అని మాత్రమే అర్థం కాదు. గోడలు కట్టి పంచుకున్న పొలాలకు పైన, యెవరి గోడా లేని మేతభూమి అని కూడా అర్థం. నిఘంటువులో యెలా రాసుకున్నా, నాకు మాత్రం దాని తెలుగు వెంటనే తట్టింది: మేత పోరంబోకు. మా వూరి లెక్కల్లో ఆ మాట వుండేది. మా వూరు గుండ్లకమ్మకు దాపున. వూరికి పడమట ఒక తిప్ప వుండేది. లఫ్‌రిగ్‌లో మూడోవంతు వుండేదేమో. వానాకాలం మందలన్నీ దానిమీదే. నేను బడికి పోకముందు మా మేనమామ వెంట గొర్రెలు తోలింది ఆ తిప్పమీదికే.

పైకి పోయినకొద్దీ రాతిగోడలు తగ్గాయి. ఆ గోడల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మట్టిగాని, సున్నంగాని లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలవి. రెండు వరసలుగా కట్టి, మధ్య చిన్నరాళ్ళు పోసి, అక్కడక్కడ రెండు వరసలనూ పట్టివుంచే పొడుగు రాయి అడ్డంగా వేస్తారు. వాటిలో చాలా గోడలు పద్దెనిమిదో శతాబ్ది చివరా, పందొమ్మిదో శతాబ్ది మొదటా, వుమ్మడి భూములకు చట్టప్రకారం హద్దులు వేసి పంచుకున్న రోజుల్లో లేచినవి. యెవరు కట్టారో వాళ్ళ పేర్లు యెక్కడా లేవు. కొండవాలు మీద పలచగా మంచు పట్టిన ఆ గోడలు చూస్తే యెంత అందంగా వున్నాయో! ఆ అందంలో సగం యెవరి నడుమో విరిగిన అందం. తక్కిన సగం యెవరి మేతో పోయిన అందం. అయినా అందమే. యీ రెండు సంగతులనూ ఒకేసారి మనసులో పట్టుకోవడం మా క్లాసుల్లో మాకెవరూ నేర్పలేదు.

చలికాలపు ఫెల్ పచ్చగా వుండదు. బ్రాకెన్ అనే ఫెర్ను జాతి మొక్క యెండి, తుప్పు రంగు తిరిగి, వాలంతా పరుచుకుని వుంది. దాని మధ్య బూడిదరంగు గొర్రెలు. మొహం తెల్లగా, వొళ్ళు మసిబూడిదగా వుండే వాటిని హెర్డ్‌విక్ జాతి అంటారు. పుట్టినప్పుడు పిల్లలు నల్లగా వుండి, పెరిగినకొద్దీ రంగు మారుతాయట. కంచె లేదు, కాపరి లేడు. యెవరి మంద యెవరిదో యెలా తెలుస్తుందా అని చూస్తూవుండగా ఒక నడివయసు రైతు నాలుగు చక్రాల బండిమీద, వెనక కుక్కను కూచోబెట్టుకుని వచ్చాడు. పలకరించాడు. మా అమ్మాయి చేత అడిగించాను: "కంచె లేదు గదా, యివి కొండలు దాటి పోవా?"

పోవని చెప్పాడు. గొర్రెకు తన తావు తెలుసట. తల్లి తన పిల్లకు నేర్పుతుంది, ఆ పిల్ల పెరిగి తన పిల్లకు నేర్పుతుంది. ఆ తావుకు వాళ్ళకొక మాటే వుంది, 'హీఫ్' అని. మందను అమ్మేటప్పుడు గొర్రెలను కొండమీదినుంచి తోలుకుపోరు. పొలంతోపాటే మంద కొత్త ఆసామికి సంక్రమిస్తుంది. 2001లో పశువులకు గాళ్ళ జబ్బు వచ్చి ప్రభుత్వం లక్షల గొర్రెలను చంపించినప్పుడు యిక్కడివాళ్ళు భయపడింది డబ్బు నష్టానికి మాత్రమే కాదు. యెక్కడినుంచో కొత్త గొర్రెలను కొని తేవచ్చు. వాటికి యీ కొండను యెవరు నేర్పుతారు?

నేను నవ్వాను. ఆ రైతు యెందుకు నవ్వానో తెలియక చూశాడు. మా మేనమామకు యీ సంగతంతా తెలుసు. "తావు మరిగిన గొర్రె" అనేవాడు. సంతలో కొన్న గొర్రెను మూడు నెలలు చేతికింద వుంచుకుని, తిప్పమీద ఫలానా చింతచెట్టు, ఫలానా గుండు, ఫలానా నీటిదొన అని చూపించి మరిపేవాడు. ఆయన చేతికి సంతకం రాదు. నాకు బి.ఏ.లో గొర్రెల సంగతి యెవరూ చెప్పలేదు, వర్డ్స్‌వర్త్ సంగతి చెప్పారు. వర్డ్స్‌వర్త్ యింటికి యెదురుగా వున్న కొండమీద నిలబడితే, నాకు జ్ఞాపకం వచ్చింది వర్డ్స్‌వర్త్ కాదు, మా మేనమామ.

పది దాటాక శిఖరం చేరాము. సర్వేవాళ్ళు పాతిన సిమెంటు దిమ్మె ఒకటి వుంది. దక్షిణాన విండర్మియర్ చెరువు పొడుగాటి యినప రేకులా. వుత్తరాన గ్రాస్మియర్ చెరువు, దాని పక్కన వూరు. పడమట లాంగ్‌డేల్ కొండల కొమ్ములమీద మంచు. యింత చిన్న కొండ యింత చూపిస్తుందని అనుకోలేదు. మాకు ముందే అక్కడ నలుగురైదుగురు వున్నారు. ఒక ముసలాయన కుక్కతో, యిద్దరు కుర్రాళ్ళు ఫ్లాస్కుతో. యెవరూ టిక్కెట్టు కొని రాలేదు. యెవరినీ అడిగి రాలేదు.

కాని యీ 'అడక్కపోవడం' యెవరో ధర్మంగా యిచ్చింది కాదు. యిక్కడికి పదిహేను మైళ్ళ దూరంలో కెజిక్ అనే వూరి దగ్గర లాట్రిగ్ అని యిలాంటిదే మరొక పొట్టి కొండ వుంది. భూస్వామి దాని దారికి అడ్డు కడితే, 1887 అక్టోబరు 1న సుమారు రెండు వేలమంది ఆ అడ్డు తొలగించుకుని కొండెక్కారు. మరుసటి యేడు కోర్టులో రాజీ కుదిరి శిఖరం దారి జనానిదైంది. 1932 యేప్రిల్ 24న దక్షిణాన, డెర్బీషైరులోని కిండర్ స్కౌట్ అనే కొండమీదికి, మాంచెస్టరు చుట్టుపట్ల మిల్లుల్లోనూ షాపుల్లోనూ పనిచేసే వందలాది యువకులు కట్టకట్టుకుని పోయారు. ఆ కొండ ఒక ప్రభువు వేటకోసం అట్టిపెట్టుకున్నది. కాపలావాళ్ళతో తోపులాట జరిగింది. ముందు నడిచిన బెన్నీ రాత్‌మన్ యిరవైయేళ్ళ మోటారు మెకానిక్. అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలలదాకా జైలు పడింది. 1949లో పార్లమెంటు చట్టం చేసి, జనం నడిచే దారులను పటంలో యెక్కించడం స్థానిక కౌన్సిళ్ళ విధి అని నిర్ణయించింది. మా అమ్మాయి పటంలోని ఆకుపచ్చ చుక్కలు ఆ చట్టపు పిల్లలు. 2000లో మరొక చట్టం, గుర్తించిన కొండలమీదా, బీళ్ళమీదా, వుమ్మడి భూములమీదా దారి తప్పి కూడా తిరగవచ్చునంది. అయినా ఆ స్వేచ్ఛ దక్కింది ఇంగ్లండు భూమిలో యించుమించు 8 శాతానికే. తక్కినచోట్ల మూసిన గేటు మూసిన గేటే. అక్కడేదో భూలోకస్వర్గం వుందని చెప్పడం నా వుద్దేశం కాదు. వున్న కొంచెం యెలా వచ్చిందో చెప్పడమే నా వుద్దేశం.

మిల్లు కార్మికులకు కొండల అందం తెలియదని 1844లో కవి అన్నాడు. ఆ కొండల దారికోసం జైలుకు పోయినవాళ్ళు ఆ మిల్లు కార్మికుల మనవళ్ళు, మునిమనవళ్ళూ.

యిక నా సంగతి చెప్పాలి. యిన్నేళ్ళుగా చెప్పనిది.

1994లో ఒక కంపెనీ మా తిప్పను లీజుకు తీసుకుంది. నల్లరాయి పడుతుందన్నారు. ముందుగా వాళ్ళు చేసింది తిప్పమీదికి పోయే దారికి అడ్డంగా ముళ్ళకంచె వేసి, గేటు పెట్టి, తాళం వేయడం. అప్పుడు నేను ఒంగోలులో పనిచేస్తున్నాను. మా మేనమామ, మరి యిద్దరు కాపరులూ బస్సెక్కి మా యింటికి వచ్చారు. మామ లోపలికి రాకుండా వరండాలోనే కూచున్నాడు.

"అబ్బాయా, నీకు ఇంగిలీషు వచ్చు గదా. కలెక్టరుగారికి ఒక అర్జీ రాసిపెట్టు. తిప్ప వాళ్ళు తవ్వుకుంటారో పూడ్చుకుంటారో మనకు తెలియదు. దారి మాత్రం మనదని రాయి. మా తాతలనాటినుంచీ మందలు పోయే దారని రాయి."

నేను ఆలోచించానని చెప్పలేను. వెంటనే అన్నాను: "మామా, నేను గవర్నమెంటు వుద్యోగిని. గవర్నమెంటు యిచ్చిన లీజుమీద నేనే అర్జీ రాస్తే బాగుండదు. నా పేరు బయటికి వస్తే యిబ్బంది."

మామ కొంచెంసేపు నా మొహంకేసి చూసి, "నీ పేరెవరడిగారురా? రాతే గదా అడిగింది" అన్నాడు.

కాఫీ తాగి వెళ్ళిపోయారు. మరునాడు నేను క్లాసుకు పోయి డాఫోడిల్ పద్యం చెప్పానని రాస్తే కథ బాగా అతుకుతుంది. మరునాడు యేం చెప్పానో నాకు జ్ఞాపకం లేదు. మామ బస్టాండుకు నడిచిపోవడం మాత్రం జ్ఞాపకం వుంది. తరవాత యింకెవరిచేతో రాయించుకున్నారు, ఫలితం లేకపోయింది. మూడేళ్ళలో మంద అమ్మేశాడు. 2003లో పోయాడు. తిప్ప యిప్పుడు లేదు. అది వున్నచోట వానాకాలపు నీళ్ళు నిండిన లోతైన గొయ్యి వుంది.

శిఖరం దిగి, అవతలివైపు కొండ నడుముకు కట్టిన మొలతాడులాంటి దారిన నడుస్తూ యిదంతా మా అమ్మాయికి చెప్పాను. ఆమె మాట్లాడలేదు. కింద గ్రాస్మియర్ చెరువు మీద పొగమంచు విడిపోతూ వుంది.

కొంతదూరం పోయాక కొండలోకి తొలిచిన పెద్ద గుహ వచ్చింది. చూడవచ్చినవాళ్ళు గుహ అంటారుగాని అది గుహ కాదు, క్వారీ. పందొమ్మిదో శతాబ్దిలో యిక్కడ పలకరాయి తవ్వి చుట్టుపక్కల వూళ్ళ యిళ్ళకు కప్పులు వేశారు. లోపల నీరు నిలిచి, పైకప్పు నీడ అందులో పడుతూ వుంది. నేను ఆ నోటిలో నిలబడి చాలాసేపు చూశాను. రాయి తవ్వడం పాపమని నేననను. తలమీద కప్పు కావాలి. కప్పుకు రాయి కావాలి. రాయి తీసేవాడు కూడా శ్రమజీవే. మా తిప్పను తవ్వినవాళ్ళు యే జిల్లాలనుంచో కూలికి వచ్చి రేకుల షెడ్డుల్లో కాపురమున్నవాళ్ళు. వాళ్ళమీద మా మామకు యేనాడూ కోపం లేదు. కాని యీ కొండను తవ్వినవాళ్ళు తవ్వుకుని పోయాక కూడా కొండ మిగిలింది, దారి మిగిలింది, గొర్రె మిగిలింది. అక్కడ మిగలలేదు. మాంచెస్టరులో మా అమ్మాయి అద్దె యింటి వంటగట్టు నల్లరాయి. అందులో వెండి చుక్కలు మెరుస్తూ వుంటాయి. మా ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి అలాగే వుంటుంది. దాన్ని దేశదేశాలకు పంపుతారు. అది మా తిప్ప రాయే అని నేననలేను. కాదనీ అనలేను. దానిమీద వుల్లిపాయలు తరిగేటప్పుడు మాత్రం చెయ్యి ఒక్కక్షణం ఆగుతుంది.

క్వారీకి దిగువన రైడల్ చెరువు. అవతలి వొడ్డున చెట్ల వెనక రైడల్ మౌంట్ అనే యిల్లు. 1813నుంచి 1850లో చనిపోయేదాకా వర్డ్స్‌వర్త్ అందులోనే వున్నాడు. ఆ యింట్లో చేరిన సంవత్సరమే ఆయనకు ప్రభుత్వం స్టాంపుల పంపిణీ వుద్యోగం యిచ్చింది. అంటే ఆయనా నాలాగే గవర్నమెంటు వుద్యోగి. యీ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆ పొద్దున మొదటిసారి దాని బరువు తెలిసింది. యౌవనంలో ఫ్రెంచి విప్లవాన్ని చూసి వుప్పొంగినవాడు క్రమంగా యెక్కడికి చేరాడో చెప్పి, ఆయనను బోనులో నిలబెట్టడం తేలిక. మనవాళ్ళు చాలామంది నిలబెట్టారు. కాని ముసలితనంలో ఒక పెద్దమనిషి తన తోటలో పాతదారికి అడ్డంగా గోడ కట్టిస్తే, వర్డ్స్‌వర్త్ దాన్ని పడగొట్టి, పడగొట్టింది నేనేనని ఆ ఆసామి మొహాన్నే చెప్పాడని అక్కడివాళ్ళొక కథ చెప్పుకుంటారు. అది నిజమయితే, రైలు వద్దన్న ముసలాయన దారికోసం ఒక గోడయినా కూల్చాడు. నేను ఒక కాగితం కూడా రాయలేదు. బోనులో ముందెవరు నిలబడాలి?

యింకొక సంగతి. డాఫోడిల్ పూల పద్యం 1807లో అచ్చయింది. ఆ పూలను ఆయన చూసింది 1802 యేప్రిల్ 15న, అల్స్‌వాటర్ చెరువు వొడ్డున. పక్కన చెల్లెలు డొరతీ వుంది. ఆ రోజు సంగతి ఆమె తన దినచర్యలో రాసుకుంది. ఆ దినచర్యలోనే గ్రాస్మియర్ దారుల వెంట తిండికి తిరిగే ఆడవాళ్ళూ, దిక్కులేని పిల్లలూ, పని పోయిన ముసలివాళ్ళూ కనిపిస్తారు. పద్యంలో కవి వొంటరిగా తిరిగాడు; దినచర్యలో దారినిండా మనుషులున్నారు. ఆయన మాత్రం రాయలేదా? 1800లోనే 'మైకేల్' అని పెద్ద కావ్యం రాశాడు. గ్రాస్మియర్ దగ్గర ఒక ముసలి గొర్రెలకాపరి. బంధువుకు హామీ వుండి చిక్కుకున్న భూమిని నిలుపుకోవడానికి ఒక్కగానొక్క కొడుకును పట్నం పంపిస్తాడు. కొడుకు అక్కడ చెడి దేశం వదిలిపోతాడు. ముసలాయన మొదలుపెట్టిన గొర్రెలదొడ్డి రాళ్ళు అలాగే వుండిపోతాయి. యిది మన సంగతి కాదా? గుండ్లకమ్మ గట్టున యెన్ని యిళ్ళలో జరగలేదు యిది? కాని నేను చెప్పిన సిలబసులో యే యేడూ మైకేల్ లేడు. పూలే వున్నాయి.

యిక్కడ మన సాహిత్యం మాట కొంచెం అనాలి. మన భావకవులు ఇంగ్లీషు కాల్పనిక కవులను చదివి తెలుగు కవిత్వానికి కొత్త వూపిరి పోశారు, కాదనను. రాయప్రోలును, కృష్ణశాస్త్రిని చదివి పెరిగినవాణ్ణే. కాని ఆ కొండలనుంచి మనకు దిగుమతి అయిన సరుకులో పువ్వూ, వెన్నెలా, వొంటరితనమూ హెచ్చు; కాపరీ, గోడా, దారీ తక్కువ. తరవాత మన అభ్యుదయవాదులం వచ్చాము. ప్రకృతి వర్ణన పొద్దుపోని పెద్దమనుషుల పని అన్నాము. కర్మాగారమూ, వీధీ, పొలమూ కావాలన్నాము. న్యాయమే. కాని ఆ వూపులో కొండనూ యేటినీ భావకవి ఆస్తికింద రాసియిచ్చేశాము. ఆయన దాన్ని చూసి నిట్టూర్చాడు. మనం మొహం తిప్పుకున్నాము. మధ్య వచ్చినవాడు లీజు రాయించుకున్నాడు. తిప్ప అందంగా వుంటుందని మా మామ యెన్నడూ అనలేదు. తిప్పను వర్ణించమంటే దారి చెప్పేవాడు, నీళ్ళు చెప్పేవాడు, యే నెలలో యే గడ్డి లేస్తుందో చెప్పేవాడు. అది వర్ణన కాదని యెవరనగలరు? ప్రకృతి కవిత్వానికి వస్తువా కాదా అని మనం యేళ్ళ తరబడి వాదించుకున్నాము. అది యెవరిది అన్న ప్రశ్న వేసినవాళ్ళు వరండాలో కూచుని, కాఫీ తాగి, వెళ్ళిపోయారు.

చెరువు దాటి చిన్న వంతెన దగ్గర మళ్ళీ రోథే యేటిని కలుసుకున్నాము. పక్కనే సన్నని బాట. మధ్యాహ్నం కాబోతున్నా గోడ నీడలో మంచు కరగలేదు. యేరు గలగలమంటూ, నల్లగా, శుభ్రంగా పోతూ వుంది. రొమ్ము తెల్లగా వున్న ఒక బుల్లి నల్లపిట్ట నీళ్ళమధ్య రాయిమీద నిలబడి, వంగి లేచి, వంగి లేచి, చటుక్కున నీళ్ళలోకి మునిగింది. యింత చలిలో యెలా మునిగిందా అనుకుంటూవుండగా దిగువన యింకో రాయిమీద లేచింది. యీ మందమైన యేరే 2015 డిసెంబరులో పొంగింది. ఆ తుపానులో యీ కొండల్లోనే హానిస్టర్ అనేచోట యిరవై నాలుగు గంటల్లో 341 మిల్లీమీటర్ల వాన పడింది. యిప్పుడు దాన్ని చూస్తే ఆ పని చేసిందని యెవరూ నమ్మరు.

ఒకచోట యేటికి అడ్డంగా అడుగురాళ్ళు వరసగా వేసి వున్నాయి. మా అమ్మాయి ముందు దాటింది. నేను మూడో రాయిమీద ఆగాను. వయసు. ఆమె వెనక్కి వచ్చి చెయ్యి యిచ్చింది. అలా యేటిమధ్య నిలబడి అడిగింది: "నాన్నా, తాతయ్య అడిగిన అర్జీ యిప్పుడు రాస్తే?"

"తిప్పే లేదుగదమ్మా."

"యేటివైపు యింకోటి వుంది గదా. చిన్నది. మనం దానిమీద రేగుపళ్ళు యేరుకునేవాళ్ళం."

వుంది. దానిమీదికి యిప్పటికీ రెండు మందలు పోతాయి. దాన్ని కూడా కొలిచి పోయారని అంతకు ముందు సంక్రాంతికే విన్నాను. విని వూరుకున్నాను.

ఫిబ్రవరిలో యింటికి వచ్చాను. డాఫోడిల్ పూలు పూయకముందే వచ్చేశాను గనుక ఆ పువ్వును యిప్పటికీ చూడలేదు. మా వూరు వెళ్ళి, ఆ రెండు మందల కాపరులతో రెండో తిప్పమీదికి నడిచాను. దారి పొడుగునా వాళ్ళు చెప్పిన గుర్తులన్నీ, చెట్టూ, గుండూ, నీటిదొనా, ఒక కాగితంమీద రాసుకున్నాను. గ్రామ లెక్కల్లో అది యింకా మేత పోరంబోకే. అర్జీ రాశాను. తెలుగులోనే రాశాను, కలెక్టరుగారికి తెలుగు వస్తుంది, ఆ మాట 1994లో కూడా నిజమే అయివుంటుంది. కింద కాపరులు వేలిముద్రలూ సంతకాలూ పెట్టారు. అన్నిటికంటె పైన నా పేరు రాశాను. యీసారి దాన్నెవరూ అడగలేదు.

జవాబు యింకా రాలేదు. మందలు మాత్రం ఆ దారినే పోతున్నాయి.